మంచురాణికి చలేసింది!

"పాములంటే మీకు భయమా?"

సినిమా తారల ఇంటర్వ్యూలలో ఈ ప్రశ్న నేను ఎంతమందిని అడిగానో లెక్కలేదు. కొందరు "అమ్మో!" అని గుండెల మీద చెయ్యేసుకున్నారు. కొందరు "డైరెక్టరు పట్టుకోమంటే పట్టుకుంటాను" అని ధైర్యం నటించారు. ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను తిరిగి "మరి మీకో?" అని అడిగిన పాపాన పోలేదు. అడిగివుంటే, 2023 ఫిబ్రవరికి ముందు ఒక జవాబు చెప్పేవాణ్ణి. ఆ తర్వాత ఇంకొకటి!

ఆ సంక్రాంతికి నేను అమెరికాలో వున్నాను. అక్కడి మన కుర్రాళ్ళు ప్రీమియర్ షోలలో చేసే హంగామా గురించి రాద్దామని నా ప్రయత్నం. జనవరి 12న 'వీరసింహారెడ్డి', 13న 'వాల్తేరు వీరయ్య'. గడ్డకట్టే చలిలో కుర్రకారు కారు డిక్కీలు తెరిచి, స్పీకర్లు పెట్టి, కోట్ల మీద అభిమాన హీరో బొమ్మల బనీన్లు తొడుక్కుని స్టెప్పులెయ్యడం చూసి ముచ్చటేసింది. అంతకు రెండు రోజుల ముందే 'నాటు నాటు'కి గోల్డెన్ గ్లోబ్ వచ్చిందేమో, ఏ నోట విన్నా అదే పాట. డెట్రాయిట్ శివార్లలో మా పిన్ని కొడుకు ఇంట్లో నా మకాం. "మార్చి పన్నెండున ఆస్కార్ వుంది అన్నయ్యా, అదీ చూసి వెళ్ళు" అన్నాడు వాడు. వుండిపోయాను.

వాళ్ళింట్లో నేలమాళిగ వుంది. మన జానపద చిత్రాల్లో నేలమాళిగ అంటే ఏముంటుంది? నిధి వుంటుంది. నిధికి కాపలాగా పాము వుంటుంది. తమ్ముడి నేలమాళిగలో నిధి లేదుగానీ పాము మాత్రం వుంది!

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు వున్న చెక్క పెట్టె. ముందు పక్కకి జరిపే గాజు తలుపులు. లోపల ఏడడుగుల బోవా. మన కొండచిలువకు దూరపు చుట్టం, పుట్టిల్లు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవులు. విషం లేదు. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. బరువు ఎనిమిది కిలోల పైచిలుకు. పేరు ఎల్సా. తమ్ముడి కూతురు, తొమ్మిదేళ్ళది, 2013లో వచ్చిన 'ఫ్రోజెన్' సినిమాలోని మంచురాణి పేరు పెట్టింది. ముట్టుకున్నదంతా మంచుగడ్డగా మార్చే రాణి పేరు, చలేస్తే చచ్చిపోయే జీవికి!

(ఇక్కడొక మాట. ఇది చదివి మీలో ఎవరూ పాముల బుట్ట కోసం బయల్దేరకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచుకోవడం నేరం. నాగులచవితికి పాలు పోస్తామే, ఆ పాలూ పాముకు పనికిరావు. దానికి అరగవు.)

మొదటిరోజు నేను గాజుకు రెండు గజాల దూరంలో నిలబడ్డాను. తమ్ముడు నవ్వి, 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' గుర్తుచేశాడు. 1981లో వచ్చిన ఆ చిత్రంలో హారిసన్ ఫోర్డ్ ముఖానికి ఎదురుగా నాగుపాము పడగ విప్పే షాట్ వుంది చూడండి, అక్కడ ఇద్దరి మధ్యా గాజుపలక వుంది. మొదట్లో వచ్చిన ప్రింట్లలో ఆ గాజులో పాము నీడ కూడా కనిపించేది. "నీకూ గాజు వుంది కదా అన్నయ్యా, దగ్గరికి రా" అన్నాడు. వెళ్ళాను. ఆ పిల్ల చటుక్కున తలుపు తీసి పామును పైకెత్తి పొట్ట చూపించింది. నడిమి భాగంలో జానెడు మేర పొలుసులు ముడతలు పడి, తెల్లగా, కాలిన ప్లాస్టిక్కులా వున్నాయి.

"హాట్ రాక్, పెదనాన్నా!" అంది.

సంగతేమిటంటే, ఎల్సా వీళ్ళ దగ్గరికి వచ్చింది రెండో మనువు మీద. మొదటి యజమాని పెట్టెలో కరెంటుతో వేడెక్కే రాయి ఒకటి పడేశాడట. పాముకు మనలా ఒంట్లో సొంత పొయ్యి లేదు. వేడి బయటినుంచే తీసుకోవాలి. గదంతా చల్లగా వుండి ఒక్క రాయే వెచ్చగా వుంటే, దాన్నే చుట్టుకుని పడుకుంటుంది. ఒళ్ళు చాలినంత వెచ్చబడలేదు కాబట్టి, కింద పొట్ట కాలుతున్నా లేవదు! ఎండ పైనుంచి పడే లోకంలో పుట్టిన ప్రాణి అది. కింద నిప్పు వుంటుందని దానికేం తెలుసు? బరువైన పాములకు అడుగున పెట్టే హీటింగ్ చాపలతోనూ ఇదే తంటా. ఎనిమిది కిలోల ఒళ్ళు మీద పరుచుకుంటే వేడి పైకి పోయే దారి లేక అక్కడే మరిగిపోతుంది.

అందుకని తమ్ముడు వేడిని కప్పుకి ఎక్కించాడు. పెట్టె లోపల, ఒక చివర, కప్పుకి బిగించిన పల్చటి పలక. రేడియంట్ హీట్ ప్యానెల్ అంటారు. బల్బులా వెలగదు, పాము చుట్టుకునేందుకు పట్టు వుండదు. బల్బులూ, పింగాణీ హీటర్లూ వాడేవాళ్ళు వాటి చుట్టూ ఇనుప వల బిగించి తీరాలట. పింగాణీ హీటరైతే వెలుగు కూడా ఇవ్వదు, చూస్తే చల్లగా వున్నట్టే వుంటుంది, ముట్టుకుంటే తోలు వూడొస్తుంది. దానికి ప్లాస్టిక్ హోల్డరు పెడితే కరిగిపోతుంది, పింగాణీ హోల్డరే పెట్టాలి. ప్యానెల్ కింద ఒక అర. అక్కడ 88 నుంచి 90 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో సుమారు 32. రెండో చివర 78. ఎల్సా తనకి ఎంత కావాలో అంత తీసుకుని, చాలనుకుంటే ఇటు జరుగుతుంది. అంతటా ఒకే వేడి పెడితే అది పొయ్యే అవుతుందిగానీ ఇల్లు కాదు అన్నాడు తమ్ముడు. వాడు కంప్యూటర్ ఇంజనీరు. పాము సంగతి మాట్లాడేటప్పుడు మాత్రం మా ఊరి ఆయుర్వేదం డాక్టరులా వుంటాడు.

ఆ ప్యానెల్‌కి ఒక థర్మోస్టాట్. మోటార్ సైకిల్ యాక్సిలరేటర్‌లా, కావలసినంతే కరెంటు వదులుతుంది. దాని వేడి కొలిచే తీగ అర అంచున అతికించి వుంది. ఆ ప్లగ్గు తీసుకెళ్ళి గోడలో పెట్టలేదు, ఇంకో థర్మోస్టాట్‌లో పెట్టాడు. ఈ రెండోదాని తీగ పెట్టె కప్పు దగ్గర స్క్రూతో బిగించి వుంది. 100 దాటితే మొత్తం కరెంటు కోసేసి కీచుమంటుంది.

"ఒక తలుపుకి రెండు తాళాలేమిట్రా?" అని నవ్వాను.

"మొదటిది చెడితే?" అన్నాడు.

"పాము మీద పెట్టిన శ్రద్ధ పెళ్ళాం మీద పెట్టమనండి బావగారూ" అని వంటింట్లోంచి మరదలు గొంతు.

ఫిబ్రవరి 15న వాళ్ళు ముగ్గురూ మరదలి చెల్లెలి పెళ్ళికి ఇండియా బయల్దేరారు. ఇల్లూ, కారూ, ఎల్సా నా చేతిలో. పిల్ల రెండు పేజీల నిండా రంగు పెన్సిళ్ళతో రాసి ఫ్రిజ్జుకి అంటించింది. రోజూ నీళ్ళు మార్చాలి. ఎర్ర తుపాకీతో, అంటే గురి పెడితే వేడి చెప్పే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో, అర మీద ఎంతుందో చూసి రాయాలి. ఇరవయ్యో తారీకున భోజనం. భోజనమేమిటో రాసి మీ టిఫిన్ పాడుచేయను... డీప్ ఫ్రీజర్‌లోంచి తీసి, ముందురోజు ఫ్రిజ్జులో పెట్టి, వేడినీళ్ళలో వెచ్చబెట్టి, పొడుగు పట్టకారుతో ఇవ్వాలి. ఇచ్చాను. కళ్ళు మూసుకుని ఇచ్చాను. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదని ఆఖరి గీత కింద మూడుసార్లు రాసింది పిల్ల.

పద్దెనిమిదిన శివరాత్రి. మన దగ్గరైతే చలి శివశివా అంటూ పోయేది. ఆ వూళ్ళో ఇరవై రెండున మంచువాన కురిసింది! వాన చినుకు కొమ్మ మీద పడగానే గాజులా గడ్డకట్టేది. చూడ్డానికి పాట సెట్టింగులా వుంది. సాయంత్రానికి చెట్లు విరిగి తీగల మీద పడటం మొదలైంది, తుపాకులు పేలినట్టు చప్పుడు. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. మిషిగన్ ఆగ్నేయభాగంలో లక్షల ఇళ్ళకు పోయింది. గంటలో వస్తుందనుకున్నాను. మన అలవాటు!

రాలేదు. గ్యాసుతో ఇల్లు వేడిచేసే యంత్రం వున్నా, గాలి తోసే ఫ్యానుకి కరెంటు కావాలిగా. తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఏడు, పెళ్ళి మేళం వినిపిస్తోంది. "పెట్టె మీద దుప్పట్లు కప్పు. తలుపు తియ్యకు. ప్యానెల్ ప్లగ్గు గోడలోంచి పీకెయ్" అన్నాడు. మూడింటిలో రెండు చేశాను. ఆ మూడోది అప్పుడే చేద్దామనుకున్నాను. టార్చిలైటు చేతిలో లేదు, రేపు చూద్దాంలే అనుకున్నాను.

గురువారం సాయంత్రానికి పెట్టెలో 68కి దిగింది. అసలు భయం చలి కాదు, దాని పొట్టలో వున్న భోజనం. పాముకు ఒంట్లో వేడి లేకపోతే అరుగుదల వుండదు. అరగనిది లోపలే కుళ్ళుతుంది, లేదా కక్కేస్తుంది. కక్కడం మనకి వాంతి అయినట్టు కాదట. కోలుకోవడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి కోలుకోదు కూడా. నేను స్వహస్తాలతో పెట్టిన భోజనం! మూడు రోజులే అయింది. కదిపితే కక్కుతుందేమో, కదపకపోతే కక్కుతుందేమో.

నాకు ఒక ఆలోచన వచ్చింది. మా అమ్మమ్మ ఊళ్ళో బాలింత మంచం కింద కుంపటి పెట్టేవాళ్ళు. వెనక వరండాలో మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యి వుంది. దాన్ని కిందికి తీసుకెళ్ళి రాజేస్తే? బొగ్గుల సంచీ భుజాన వేసుకుని మెట్ల దగ్గర నిలబడి, సలహాకని కాదు, మెప్పు కోసం తమ్ముడికి ఫోన్ చేశాను.

వాడు నా మీద ఎప్పుడూ గొంతెత్తి ఎరగడు. ఆ రోజు అరిచాడు. "అన్నయ్యా! కింద పెట్టు ఆ సంచీ! పామూ చస్తుంది, నువ్వూ చస్తావ్!" మూసిన ఇంట్లో బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన వుండదు, రంగు వుండదు, నిద్రలోనే పోతారు. అమ్మమ్మ ఇంటికి పెంకుల సందుల్లోంచీ తలుపు చెక్కల సందుల్లోంచీ గాలి ఆడేది. ఈ ఇల్లు థర్మాస్ ఫ్లాస్కు. సంచీ వరండాలో పెట్టి వచ్చి మెట్ల మీద కాసేపు కూచున్నాను. మోకాళ్ళు వణికాయి, చలికి మాత్రం కాదు.

"పక్కింటి పెద్దాయన్ని పిలు. అంత పామును ఒక్కడే ఎత్తకూడదు" అన్నాడు తమ్ముడు చివరికి.

పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. టోపీ పెట్టుకుని, టార్చి తీసుకుని, పిక్నిక్కులకు తీసుకెళ్ళే పెద్ద ఐసుపెట్టె మోసుకుని వచ్చాడు. చల్లదనం బయటికి పోనివ్వనిది వేడినీ పోనివ్వదు కదా! నేను గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి, కిటికీ కాస్త తెరిచి, నీళ్ళు కాచి సీసాలు నింపి, పొయ్యి ఆర్పేశాను. ఆ సీసాలను తువ్వాళ్ళలో చుట్టి ఐసుపెట్టె రెండు చివర్లా పెట్టాం. మధ్యలో థర్మామీటరు. అది 82 చూపించాక కిందికి దిగాం.

ఆయన తల వైపు, నేను తోక వైపు. ఎల్సా అర చుట్టూ ముడివేసుకుని వుంది. చలికి మెల్లగా, బద్ధకంగా, నిద్రమత్తులో వున్న పసిపిల్లలా కదిలింది. దాని ఒంటి కింద రెండు చేతులూ పెట్టాను. అంత చల్లటి బరువును నేను అంతకు ముందెప్పుడూ మొయ్యలేదు. పొట్ట దగ్గర భోజనపు ఉబ్బు ఇంకా తెలుస్తూనే వుంది. నా మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుని, వెచ్చగా అనిపించిందేమో, అక్కడే వుండిపోయింది. భయపడ్డానా? భయపడ్డానేమో. నాకు గుర్తుంది మాత్రం ఆ కాలిన పొలుసులు నా అరచేతికి గరుగ్గా తగలడం. దిండు గలీబులోకి దించి, మూతి కట్టి, ఐసుపెట్టెలో పెట్టి, గాలాడేందుకు మూత కొంచెం ఎడంగా వుంచాం.

ఆ రాత్రీ, శుక్రవారం పగలూ రాత్రీ నా పని ఒకటే. రెండున్నర గంటలకోసారి సీసాలు మార్చడం. ఇంట్లో 50కి వచ్చింది. నాకు మూడు కోట్లు, ఎల్సాకు 80 డిగ్రీలు. కారు ఇంటి బయట రోడ్డు మీద స్టార్ట్ చేసి ఫోన్ చార్జ్ చేసుకునేవాణ్ణి. సెకండ్ షోలకు తిరిగి తిరిగి మేలుకోవడం అలవాటైన ప్రాణం కాబట్టి సరిపోయింది. నిద్ర రాకుండా పాము సినిమాలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. 1974 'నోము', 1980లో చిరంజీవి 'పున్నమి నాగు', 1999లో గ్రాఫిక్స్‌తో అదరగొట్టిన 'దేవి'. పాము పగబట్టింది, పాము వరమిచ్చింది, పాము ఆడింది. పాముకి చలేసిన సీను ఒక్క సినిమాలోనూ లేదు!

శనివారం తెల్లవారుజామున మూడున్నరకు కరెంటు వచ్చింది. టీవీ దానంతటదే మోగింది, ఫ్రిజ్జు గుర్రుమంది. నేను సోఫాలోంచి లేచి విజిలేశాను. ఎల్సా పక్కనే క్షేమంగా వుంది. ఇక నిద్రపోవచ్చని మళ్ళీ వాలిపోయాను.

ఎంతసేపైందో. కింద ఎక్కడో కీచుమని చప్పుడు. ఎలుకేమో అనుకున్నాను. ఆగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మూడోది!

మెట్లు ఎలా దిగానో తెలీదు. మొన్న ఎల్సాను అర మీదనుంచి తీసేటప్పుడు మొదటి థర్మోస్టాట్ తీగ వూడి వచ్చి తలుపు బయట సిమెంటు నేల మీద పడివుంది. మేం చూడలేదు. నేల 50 డిగ్రీలు. ఆ తీగ 'చలి... చలి...' అంటుంటే థర్మోస్టాట్ పాపం నమ్మి, వున్న కరెంటంతా ప్యానెల్‌లోకి తోసింది. పైన నేను కప్పిన దుప్పట్లు అలాగే వున్నాయి. లోపల కప్పు దగ్గర 100 దాటగానే రెండో తాళం పడింది. కీచుమంటున్నది అదే. దుప్పట్లు లాగి పారేసి చెక్క మీద చెయ్యి పెట్టాను. ఇస్త్రీ చేసిన చొక్కాలా వుంది. రెండోది లేకపోతే ఆ ప్యానెల్ తెల్లవార్లూ కాలేది, పైన దూది దుప్పట్లు, ఆ పైన చెక్క ఇల్లు, ఆ ఇంట్లో నిద్రలో నేను.

ప్లగ్గు పీకాను. మూడు రోజుల కింద పీకమన్న ప్లగ్గు.

మధ్యాహ్నం పెద్దాయన మళ్ళీ వచ్చాడు. తీగను తిరిగి అర అంచున పెట్టి, ఈసారి అంటించకుండా క్లిప్పుతో బిగించాడు. ఫ్యాక్టరీ చేతులు! రెండు గంటలు వుత్త పెట్టెను వేడిచేసి, ఎర్ర తుపాకీతో నాలుగు మూలలా కొలిచి, అర మీద 89 చూపించాకే ఎల్సాను లోపలికి వదిలాం. పాకుతూ పోయి ప్యానెల్ కింద చుట్టచుట్టుకుంది. కక్కలేదు. ఆ రోజు కక్కలేదు, మర్నాడూ కక్కలేదు.

ఇరవై ఏడున వాళ్ళు దిగారు. పిల్ల బూట్లైనా విప్పకుండా కిందికి పరిగెత్తింది. తమ్ముడికి ప్లగ్గు సంగతి, తీగ సంగతి దాచకుండా చెప్పాను. ఏమీ అనలేదు. మొదటి థర్మోస్టాట్ తీగను ఆ రాత్రే స్క్రూతో బిగించాడు. మార్చి మొదటి వారంలో ఓ పొద్దున్న నేలమాళిగలోంచి "పెదనాన్నా, పెదనాన్నా!" అని కేక. ఎల్సా భోజనం పూర్తిగా అరిగిందనడానికి రుజువు పెట్టెలో ఓ మూల పడి వుంది. అది ఎత్తే మర్యాద నాకే దక్కింది. పన్నెండో తారీకు రాత్రి 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఎంత గోల చేశామో, ఆ పొద్దున్నా దాదాపు అంత గోల చేశాం.

మరదలికి మాత్రం ఒక సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ రాత్రి చీకట్లో పెట్టె మీద కప్పినవాటిలో పైది వాళ్ళమ్మగారు పాత చీరలతో కుట్టి పంపిన బొంత. దాని మీద ఓ మూల అరచేతి మందాన పసుపుపచ్చ మరక పడింది. మడత లోపలికి పెట్టి బీరువాలో సర్దాను. ఈ పత్రిక డెట్రాయిట్ దాకా వెళ్ళదనే నా ధీమా.